న్యూట్రల్‌లో మిగిలేదేమీ లేదు: రవాణా కమిషనర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా కమిషనర్ గార్లకు,



కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో పదిహేనో నిబంధనతో మీ కార్యాలయాలకు రోజూ పనే. లైసెన్సు కోసం వచ్చిన మనిషికి ఏమేం చేతనై ఉండాలో అందులో వరసగా రాశారు. అద్దం చూసుకోవడం, సైగలివ్వడం, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆపి మళ్ళీ కదిలించడం, ఇలా. ఆ వరసలోనే ఒక చిన్న మాట ఉంది: దిగుడులో నడిపేటప్పుడు చప్పున కింది గేరులోకి మార్చగలగాలని. మన టెస్టు ట్రాకుల మీద ఈ ఒక్క ముక్కను పరీక్షించగా నేను ఎన్నడూ చూడలేదు. ఎనిమిది తిప్పిస్తారు, హెచ్‌లో రివర్సు చేయిస్తారు, గట్టు ఎక్కిస్తారు. ఎక్కిన గట్టు ఎలా దిగాడన్నది మాత్రం ఎవరికీ పట్టదు. దిగడానికేముంది, బండే దిగుతుంది అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ లేఖ ఆ చిన్న మాట గురించి. ఘాట్ రోడ్ల మీద ప్రాణాలెంత విలువైనవో మీ శాఖ ఏటా చెబుతూనే ఉంది. డ్రైవర్లు వింటూనే ఉన్నారు, దిగుడు రాగానే గేరు తీసేస్తూనే ఉన్నారు. దీన్ని నిర్లక్ష్యం అనుకోవడం మనకు తేలిక. వాళ్ళ లెక్క వేరు. లీటరు పెట్రోలు వంద దాటి ఏళ్ళయింది, డౌనులో న్యూట్రల్ కొడితే కాస్త ఆయిల్ మిగులుతుందన్నది వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఎవరూ వాళ్ళకు లెక్క కట్టి చూపించలేదు. ప్రాణభయం పెడితే తలూపి వెళ్ళిపోయే మనిషి, జేబు లెక్క చెబితే ఆగి వింటాడు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఆ లెక్కనే మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ నమ్మకం ఒకప్పుడు నిజమే. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాని ఇంజనుకు ఉన్నది కార్బురేటర్. అంబాసిడర్‌కూ ప్రీమియర్ పద్మినికీ అదే. కార్బురేటర్‌కు తెలివి లేదు, దానికి తెలిసిందల్లా పీల్పు ఒక్కటే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే గాలి దారి మూసుకుంటుంది. కానీ చక్రాలు ఇంజనును తిప్పుతూనే ఉంటాయి, పిస్టన్లు గట్టిగా పీలుస్తూనే ఉంటాయి. ఆ పీల్పుకు ఐడ్లింగ్ జెట్‌లోంచి పెట్రోలు ఊరుతూనే ఉంటుంది. మంటకు సరిపడా గాలి లేక అందులో కొంత పచ్చిగానే సైలెన్సర్‌లోకి పోయి టపటపమని పేలేది. పాత కార్లలో ఘాట్ దిగినవాళ్ళకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. అదే న్యూట్రల్ కొడితే ఇంజను నెమ్మదిగా, ఐడ్లింగ్‌లో తిరుగుతుంది, తాగేది తగ్గుతుంది. ఆనాటి డ్రైవరు గురువులు శిష్యులకు చెప్పిన లెక్క ఆనాటి ఇంజనుకు సరిపోయింది.

2000 సంవత్సరం దాటాక పొగ నియమాలు బిగుస్తూ వచ్చాయి, కార్బురేటర్ వెనక్కి తగ్గింది, దాని స్థానంలో ఇంజెక్టర్లు వచ్చాయి. ఎంత పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో నిర్ణయించేది ఇప్పుడు పీల్పు కాదు, ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి బీఎస్-6 దేశమంతటా అమలులోకి వచ్చాక మామూలు బైకులూ స్కూటర్లూ కూడా దాదాపుగా ఇంజెక్షన్‌కు మారిపోయాయి. ఈ కంప్యూటరు చేసే పనుల్లో మన డ్రైవర్లలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇంజను వేడెక్కి ఉండి, బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే అది ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. తగ్గించడం కాదు, మూసేయడమే. ఆ సేపు ఇంజనును తిప్పుతున్నది పెట్రోలు కాదు, కిందికి దొర్లుతున్న చక్రాలు. తిరుగుడు పడిపోయి ఐడ్లింగ్‌కు దగ్గరవుతున్నప్పుడు, అంటే చాలా కార్లలో నిమిషానికి పన్నెండు వందలు, పదిహేను వందల దరిదాపుల్లో, ఇంజను ఆగిపోకుండా మళ్ళీ చిమ్మడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు న్యూట్రల్ సంగతి చూడండి. గేరు తీసేశాక చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోయింది. ఇంజను తనను తానే బతికించుకోవాలి, దానికి పెట్రోలు కావాలి. పన్నెండు వందల సీసీ కారు ఐడ్లింగ్‌లో గంటకు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతుంది. ఏసీ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అంటే పొదుపు కోసం న్యూట్రల్ కొట్టినవాడు, మూసుకుని ఉన్న కుళాయిని తన చేత్తో తిప్పి వదిలినట్టు.

దీనికి తోడు ఇంకో అపోహ ఉంది, అది బాగా చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ. గేరు తగ్గించగానే మీటరులో ఆర్పీఎం ముల్లు ఎగురుతుంది, ఇంజను గుర్రుమంటుంది. ముల్లు మూడు వేలు చూపిస్తే పెట్రోలు కూడా ఆ లెక్కనే తాగుతోందని వాళ్ళ బెంగ. ఆ ముల్లు చెప్పేది క్రాంక్ ఎంత జోరుగా తిరుగుతోందో అంతవరకే. ఎవరు తిప్పుతున్నారో దానికి తెలియదు. సెకండు గేరులో కొండ దిగుతూ మూడు వేల మీద గుర్రుమనే ఇంజనులో ఇంజెక్టర్లు మూసి ఉంటాయి. న్యూట్రల్‌లో ఎనిమిది వందల మీద ఒద్దికగా తిరిగే ఇంజనులో తెరిచి ఉంటాయి. చెవికి వినిపించేదీ ట్యాంకులో జరిగేదీ ఇక్కడ తలకిందులు. నమ్మకం కుదరనివాళ్ళకు ఓబీడీ స్కానర్ అని చిన్న పరికరం దొరుకుతుంది. కారుకు తగిలించి ఫోనులో చూసుకుంటే కాలు తీసిన మరుక్షణం ఇంధనం అంకె ఎక్కడికి పోతుందో చాలా కార్లలో కళ్ళారా కనిపిస్తుంది. కారు మీటరులోనే అప్పటికప్పటి మైలేజీ చూపించే బండ్లలో స్కానర్ కూడా అక్కర్లేదు. కాకపోతే కొన్ని మీటర్లు ఒక అంకె దాటాక పైకి చూపించవు, వాటిలో న్యూట్రల్ కూడా గొప్పగానే కనిపించి మోసం చేస్తుంది.

డీజిల్ వాళ్ళు ఇది పెట్రోలు బండ్ల గొడవ అనుకోనక్కర్లేదు. నిజానికి డీజిల్‌లో ఈ న్యూట్రల్ లెక్క పాత కాలంలో కూడా సరైంది కాదు. కంప్యూటర్లు రాకముందు డీజిల్ పంపు మీద గవర్నర్ అని యాంత్రికమైన ఏర్పాటు ఉండేది. కాలు తీశాక ఇంజను ఐడ్లింగ్ కంటే జోరుగా తిరుగుతుంటే, అది పంపులో డీజిల్ మోతాదు మార్చే రాక్ అనే కడ్డీని వెనక్కి లాగి డీజిల్‌ను ఆపేసేది. లారీలూ బస్సులూ గేరులో ఘాట్ దిగుతున్నంతసేపూ పంపు ఖాళీగానే తిరిగేది. అంబాసిడర్ డ్రైవరు చెప్పిన సూత్రం లారీ డ్రైవరు చెవికి ఎక్కి, తరాలుగా అక్కడే ఉండిపోయింది.

మాటల్లో కాకుండా ఒక దారి మీద లెక్క కడదాం. తిరుమల నుంచి కిందికి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, దాదాపు 19 కిలోమీటర్లు. పైకీ కిందికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. వేగానికి పగ్గం వేయడానికి దిగేందుకు కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం పెట్టింది. మొత్తం న్యూట్రల్‌లో దిగే కారు ఆ 40 నిమిషాల్లో మూడో వంతు నుంచి అర లీటరు దాకా పెట్రోలు తాగుతుంది. రూపాయల్లో చెప్పుకుంటే ముప్పై అయిదు నుంచి యాభై అయిదు. సెకండు, థర్డు గేర్లలో దిగే కారు మలుపుల తర్వాత అక్కడక్కడ కాస్త రేసు ఇచ్చినప్పుడు తప్ప తాగేది ఏమీ ఉండదు. యాభై రూపాయలు పెద్ద సొమ్మా అని మీరు అనవచ్చు. రోజూ కొండ ఎక్కి దిగే ట్యాక్సీ వాళ్ళను అడగండి, నెలాఖరుకు అదెంత అవుతుందో నోటి లెక్కన చెప్పేస్తారు.

పెట్రోలు ఒక ఎత్తు, బ్రేకులు ఇంకో ఎత్తు. మనుషులతో కలిపి 1,300 కిలోల కారు 700 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 90 లక్షల జౌళ్ళు. మామూలుగా ఉన్న ముప్పై లీటర్ల నీళ్ళను మరిగించే వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, టైర్ల రాపిడికి కొంత పోతుంది. న్యూట్రల్‌లో మిగతాదంతా నాలుగు చక్రాల బ్రేకుల మీదే పడుతుంది. గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజను మోస్తుంది, ఆ వేడి రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఇంజను ఆ పనికి తట్టుకునేలా చేసిందే. బ్రేకు ప్యాడ్లు నిమిషాల తరబడి ఎడతెగకుండా నొక్కి ఉంచడానికి చేసినవి కావు. ముందు ప్యాడ్ల పట్టు సడలుతుంది. తర్వాత బ్రేకు ఆయిల్ వంతు. కొత్త డాట్-3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది, తేమ పట్టాక ప్రమాణం అడిగేది 140 డిగ్రీలే. ఆయిల్ మరిగితే గొట్టాల్లో బుడగలు చేరతాయి. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. మర్నాడు పేపర్లో బ్రేకులు ఫెయిలని వస్తుంది. చాలాసార్లు బ్రేకులు బాగానే ఉండి ఉంటాయి, వాటి చేత చేయించకూడని పని చేయించి ఉంటాం.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. పట్టాల్సినదానికి మించి జనం ఉన్న బస్సు అది. ఆ ప్రమాదానికి ఇదే కారణం, అదే కారణం అని తీర్పు చెప్పడం నా పని కాదు. ఆ కొండ పేరు తలవకుండా తెలుగునాట ఘాట్ దిగడం గురించి ఎవరూ మాట్లాడలేరు గనుక తలుచుకున్నాను. ఆర్టీసీ మీ చేతి కింద లేదని తెలుసు. కానీ డిపోల్లో డ్రైవర్ల పనితనాన్ని కేఎంపీఎల్‌తో, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్న లెక్కతో తూచే చోట, గేరులో దిగితేనే ఆ అంకె పెరుగుతుందని డ్రైవరుకు తెలియాలి. లేకపోతే పొదుపు కోసం పెట్టిన కొలమానమే వాడి చెయ్యి న్యూట్రల్ వైపు లాగుతుంది.

ఇంజను ఆపేసి దిగే మహానుభావులు కూడా ఉన్నారు, ముఖ్యంగా బైకుల మీద. కీ తిప్పేస్తే పెట్రోలు సున్నా, అంతవరకు నిజమే. కారులో ఆ పని చేస్తే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ రెండు మూడు నొక్కులతో ఖాళీ అవుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, కీ ఇంకాస్త తిరిగితే స్టీరింగే లాకవుతుంది. గేరులో వదిలేస్తే పెట్రోలు అదే సున్నా, బ్రేకూ స్టీరింగూ చేతిలోనే ఉంటాయి.

ఇంతవరకు చదివి, అయితే ఎక్కడ పడితే అక్కడ గేరు తగ్గించుకుంటూ పోవాలని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే. ఇంజను బ్రేకింగ్ పెట్రోలు పుట్టించదు. బండిలో ఉన్న ఊపును తినేస్తుంది, అంతే. ఆ ఊపు మనం పెట్రోలు పోసి కొనుక్కున్నదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద కొద్దిపాటి వాలులో, ముందు ఏ అడ్డూ లేనప్పుడు, న్యూట్రల్‌లోని కారు గేరులోని కారు కంటే చాలా దూరం దొర్లుతుంది. అక్కడ ఐడ్లింగ్‌కు పోయే పెట్రోలు పోగా కొంత మిగిలే అవకాశం కూడా ఉంది. కొన్ని జర్మన్ కంపెనీలు తమ ఆటోమేటిక్ కార్లలో ఇంజనును చక్రాల నుంచి విడదీసి దొర్లనిచ్చే ఏర్పాటు పెట్టాయి. అక్కడ నిర్ణయం కంప్యూటరుది, బ్రేకు తగిలిన క్షణంలో మళ్ళీ కలిపేస్తుంది. మన చేత్తో గేరు తీసి వేసుకుంటూ ఆ పని చేయాలనుకుంటే, మిగిలే చుక్కల కంటే అదుపు పోగొట్టుకునే క్షణాలే ఎక్కువ. అందుకే దాన్ని నేను ఎవరికీ చెప్పను.

డ్రైవరుకు నేర్పాల్సిన ప్రశ్న ఒకటే: ఈ దొర్లుడు చివర నువ్వు బ్రేకు వేస్తావా? వేయాల్సి వస్తుందనుకుంటే గేరులో ఉండి ముందుగానే కాలు తియ్యి. దూరంలో రెడ్ సిగ్నల్ కనిపించింది, టోల్ గేటు కనిపించింది, కింద మలుపు కనిపించింది. అక్కడ ఎలాగూ తగ్గాల్సిందే కదా. న్యూట్రల్‌లో దొర్లి దాచుకున్న ఊపునంతా చివర్లో బ్రేకులకు సమర్పించుకోవడం, మధ్యలో ఐడ్లింగ్ పెట్రోలు కట్టడం రెండు విధాలా నష్టం. ఊళ్ళో మైలేజీ పెరిగేది గేరు మార్చడం వల్ల కాదు, కాలు ఎంత ముందుగా తీశామన్న దాని వల్ల. సిగ్నల్ ఎర్రబడిందని తెలిసీ చివరి దాకా రేసు ఇచ్చి, దగ్గరకొచ్చాక టపటపా మూడు గేర్లు దించి వీరంగం చేసేవాడికి మిగిలేది ఏమీ లేదు, క్లచ్ ప్లేటు ఖర్చు తప్ప. ఉన్న గేరులోనే వదిలేసి, ఇంజను బరువుగా మూలగబోయే ముందు క్లచ్ నొక్కితే చాలు. బ్రేకు ప్యాడ్లు చవక, క్లచ్ మార్పించడం ఖరీదు. ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా చెబుతారు.

కొండ దిగేటప్పుడు గేరు తగ్గించడం వేరే విషయం. అక్కడ ఒక గేరు తగ్గిస్తే వేగం అదుపులో ఉంటుంది, ఇంజెక్టర్లు మూసుకునే ఉంటాయి, బ్రేకు కాలికి విశ్రాంతి దొరుకుతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులో దిగు అని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ పనికొస్తుంది. అయితే దిగుడు మొదలు కాకముందే తగ్గించాలి. అరవైలో పోతూ ఉన్నపళంగా ఫస్టులోకి కొడితే ఇంజను పరిమితి దాటి తిరుగుతుంది. రెవ్ లిమిటర్ కాపాడుతుందిలే అనుకుంటారు కొందరు. అది చేయగలిగిందల్లా పెట్రోలు ఆపడం. ఇంజనును తిప్పుతున్నది చక్రాలైనప్పుడు దాని చేతిలో ఏమీ ఉండదు.

ఆటోమేటిక్ కార్లు కొన్నవాళ్ళు ఇది తమకు సంబంధించినది కాదనుకుంటున్నారు. డీలోనే వేసి కొండ దిగి, కింద ప్యాడ్లు కాలిన వాసన వస్తోందని ఫిర్యాదు చేసేవాళ్ళను చాలామందినే చూశాను. ఏఎంటీలో ఎమ్, మైనస్. సీవీటీలో ఎస్ గానీ ఎల్ గానీ. ఆ అక్షరాలు ఘాట్ కోసమే ఉన్నాయి. కరెంటు బండ్లలో అయితే లెక్క ఇంకా బాగుంటుంది, మోటారే జనరేటరై దిగుడు శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. కొండ మీద నూరు శాతం చార్జి చేసుకుని దిగితే మాత్రం దాచుకోవడానికి చోటుండదు, ఆ ఆపే బలం కూడా తగ్గుతుంది. ఈ ముక్క షోరూముల్లో ఎవరూ చెప్పరు.

కమిషనర్ గార్లూ, కొత్త చట్టం ఏదీ నేను అడగడం లేదు. ఉన్న నిబంధనను అమలు చేయమంటున్నాను. టెస్టు ట్రాకు మీద గట్టు ఎలాగూ ఉంది. అభ్యర్థి ఎక్కాక, దిగేటప్పుడు చెయ్యి ఎటు పోతుందో పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు చూడాలి. న్యూట్రల్‌లోకి పోతే మార్కులు తీసేయాలి. ఆ గట్టు చిన్నది, నిజమైన ఘాట్ కాదు. అలవాటు బయటపడడానికి అది చాలు. ఎల్ఎల్ఆర్ పరీక్ష ప్రశ్నల్లో గుర్తులూ హారన్లూ ఉన్నట్టే, దిగుడులో పెట్రోలు ఎప్పుడు ఆగుతుందన్న ప్రశ్న ఒకటి చేర్చాలి. బట్టీ పట్టి రాసినా సరే, బుర్రలో ఒక మూల పడి ఉంటుంది. డ్రైవింగ్ స్కూళ్ళకు లైసెన్సులు పునరుద్ధరించేటప్పుడు అక్కడి శిక్షకులను పిలిచి, కారుకు స్కానర్ తగిలించి, గేరులో ఒకసారి, న్యూట్రల్‌లో ఒకసారి దించి చూపించండి. న్యూట్రల్ పాఠం ఊళ్ళో వ్యాపిస్తున్నది చాలావరకు వాళ్ళ నోటి నుంచే. 2021 జులై నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం గుర్తింపు పొందే శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్లు ఉండాలి. వాటిలో మారేడుమిల్లి, అనంతగిరి, శ్రీశైలం లాంటి ఒక ఘాట్ దారి పెట్టించడం మీకు కష్టం కాదు.

ఆఖరుగా ఘాట్‌ల పైన పెట్టే బోర్డుల సంగతి. 'జాగ్రత్తగా నడపండి, మీ కుటుంబం ఎదురు చూస్తోంది' అని రాసి ఉంటుంది. ఆ బోర్డు అలాగే ఉండనివ్వండి. దాని కింద మరో వాక్యం పెద్ద అక్షరాలతో రాయించండి: ఇక్కడి నుంచి సెకండు గేరులో దిగండి, కాలు తీస్తే పెట్రోలు ఖర్చు ఉండదు.

ఇట్లు,
మీ రోడ్ల మీద తిరిగే ఒక పాత ఆటోమొబైల్ మాస్టారు